ప్యాంటు దెబ్బ

మా బావమరిది ఒక మనిషిని ప్యాంటుతో కొట్టి చంపాడు.

చంపాడంటే, మరీ ప్రాణం పోయేలా కాదు. మూడు పళ్ళు రాలాయి, దవడ ఒక పక్కకి జరిగింది. ఆ మనిషి ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికి మామూలు జ్వరంతో పోయాడు. కానీ ప్యాంటు మాత్రం ప్యాంటే, అందులో అబద్ధం లేదు. బస్సు డ్రైవరుది, ఖాకీది, గంజి పెట్టింది. దాని చీటీ రాసింది నేనే.

మేమిద్దరం ఒకే లాండ్రీలో పనిచేసేవాళ్ళం. నన్ను చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు కొట్టి కొట్టి గుండ్రటి చేతిరాత నేర్పారు కాబట్టి నాకు కౌంటరు దగ్గర కుర్చీ, చీటీలు రాసే పని దొరికాయి. మా బావమరిదికి ఎవరూ ఏమీ నేర్పలేదు కాబట్టి వాడికి నీళ్ళు దొరికాయి. పదహారో ఏట తొట్టిలో చేతులు పెట్టినవాడు మళ్ళీ తీసింది భోజనానికీ పెళ్ళికీ మాత్రమే. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు, డ్రైవర్ల యూనిఫారాలు, అన్నీ వాడి చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చెప్పేవాడు. మరకని వాసన చూసి అది ఎవరి ఇంట్లో, ఏ గొడవలో పడిందో చెప్పేవాడు. మరకని తిట్టకూడదని వాడి సిద్ధాంతం. రుద్దితే మొండికేస్తుంది, బతిమాలితే వదులుతుంది అనేవాడు. మనుషులతోనూ అదే పద్ధతి. మా ఆవిడ నా మీద కోపం తమ్ముడి మీద తీర్చుకుంటే నోరెత్తకుండా నిలబడి విని, పోతూపోతూ నా వైపు జాలిగా చూసి పోయేవాడు. అలాంటివాడు చెయ్యెత్తాడంటే ఆ చలి ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

చలికాలమంటే ఇప్పటి పిల్లలు రంగుల స్వెట్టరు వేసుకుని ఫొటో దిగే కాలం అనుకుంటారు. మా చలి అది కాదు. ఊపిరి పీలిస్తే చేపముల్లు గొంతులో దిగినట్టుండేది. ఉమ్మితే నేల చేరేసరికి గులకరాయి అయ్యేది. నేను ఉమ్మిందే ఒకసారి గోడకి తగిలి తిరిగొచ్చి నా బొటనవేలి గోరు చితక్కొట్టింది. కుళాయి పట్టుకుంటే అరచేతి తోలు కుళాయికే ఉండిపోయేది.

అలాంటి చలిలో రోజంతా నీళ్ళలో ఉండే చెయ్యి ఏమవుతుంది? మా బావమరిది కుడిచెయ్యి చచ్చిపోయేది. వేళ్ళు ముందు ఎర్రబడేవి, తర్వాత నీలం తిరిగేవి, ఆపైన కొవ్వొత్తుల్లా తెల్లగా అయిపోయేవి. అప్పుడు సూది గుచ్చినా తెలిసేది కాదు. ఊరికే అనడం లేదు, గుచ్చి చూశాం. గంటకోసారి పది నిమిషాలు కాపడం పెట్టి రక్తం ఆడించాలనీ, లేకపోతే ఏదో ఒక చలికాలం ఆ చెయ్యి తీసెయ్యాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పని సంగతి ఇంకోటుంది. ఉతికిన దుప్పటిని రెండు రబ్బరు రోలర్ల మధ్య పెట్టి నీళ్ళు పిండేవాళ్ళం. స్పర్శ లేని చెయ్యి ఆ రోలర్ల దగ్గర ఉండటమంటే పులి నోట్లో పెట్టి నిద్రపోవడమే. వాడికంటే ముందు ఆ పని చేసినవాణ్ణి రోలర్లు మణికట్టు దాకా లాక్కున్నాయి. ఒంటిచేతివాడు దుప్పట్లు పిండలేడని యజమాని ఆ వారమే వాణ్ణి పంపేశాడు.

చెయ్యి కాచుకోవడానికి చోటు ఒక్కటే ఉంది, బాయిలర్ గదిలో. గది పేరుకే వెచ్చన. బొగ్గు కోసం తలుపెప్పుడూ తెరిచే ఉండటంతో పెరట్లోంచి గాలి కత్తిలా దూసుకొచ్చేది. బాయిలర్‌కీ గోడకీ మధ్య ఒక మూలలో వేడి పైపు పక్కన ఒక్క మనిషి పట్టే జాగా ఉండేది. అక్కడ బోర్లించిన పాత రేకు తొట్టిని మేమంతా గద్దె అనేవాళ్ళం. గద్దె కోసం అంతకుముందు ఏటా తలలు పగిలేవి. ఆ గొడవ పడలేక బాయిలర్ మామ ఒక కట్టుబాటు పెట్టాడు. బాయిలర్ మామంటే బాయిలర్ నడిపే పెద్దాయన, అందరికీ మామే. కుళాయి మొదటిసారి గడ్డకట్టిన రోజున పనివాళ్ళంతా తాము పడ్డ అన్నింటికంటే ఘోరమైన చలి గురించి చెప్పాలి. ఎవరి చలికి ఎదురు చెప్పేవాళ్ళుండరో, మంచు కరిగే దాకా వాళ్ళదే గద్దె. ఒంటి మీద గుర్తు చూపిస్తే ఇక వాదన లేదు.

తొమ్మిదేళ్ళు వరసగా గద్దె మా బావమరిదిదే. వాడి కథ వాడికి కంఠతా వచ్చు. పెళ్ళికి ముందు గడ్డకట్టిన కాలువ దాటుతుంటే మంచు పగిలి నడుము దాకా దిగిపోయాడు. పైకొచ్చి నాలుగడుగులు వేసేలోపు ప్యాంటు ఇనుప గొట్టాలైపోయింది. మోకాళ్ళు వంగక, జామెట్రీ పెట్టెలో కంపాసులా కాలూ కాలూ తిప్పుకుంటూ రెండు మైళ్ళు నడిచి ఇల్లు చేరాడు. వాణ్ణి పొయ్యి పక్కన గోడకి ఆనించి సుత్తితో ప్యాంటు పగలగొట్టి బయటికి తీశారు. ప్యాంటు మాత్రం మూల అలాగే నిలబడి ఉంటే, చూపు మందగించిన మా మామగారు అది కొడుకే అనుకుని భోజనానికి లేవమని రెండుసార్లు పిలిచారు. ఆ చివరి ముక్క నేను కలిపింది. అదే బాగా పనిచేసేది.

పదో ఏడు ఇస్త్రీ మేస్త్రీ వచ్చాడు. మాకంటే ఇంకా చలి ఎక్కువుండే చోటినుంచి వచ్చాడని చెప్పుకునేవారు. ఆరడుగుల మనిషి. మెడ, తల ఒకే లావు. ఉన్నిటోపీ చెవుల కిందకి లాక్కుని ఎప్పుడూ తీసేవాడు కాదు. ఎనిమిది కిలోల ఇస్త్రీపెట్టెని అగ్గిపెట్టెలా తిప్పేవాడు.

ఆ ఏడు కుళాయి గడ్డకట్టింది. బాయిలర్ గదిలో చేరాం. బట్టలు మడతపెట్టే ఆవిడ, మా మడతలక్క, వాళ్ళమ్మమ్మ తలస్నానం చేసి వీధిలోకొస్తే జడ చీపురుపుల్లలా విరిగి చేతికొచ్చిందని చెప్పింది. బాయిలర్ మామ తీగ మీద కాకి గడ్డకట్టి రాయిలా పడి ఒక పోస్టుమాను తల పగలగొట్టిందని చెప్పాడు. నేను సిస్టరు సంగతి చెప్పాను. చలికి సిరా గడ్డకడితే సీసా చంకలో పెట్టుకుని కరిగించుకోవాలి, కరిగేలోపు చేతిరాత రాలేదని స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. ఒక రోజు స్కేలే విరిగింది. గడ్డకట్టిన వేళ్ళకి నొప్పి తెలియక నేను నవ్వాను. దానికి మళ్ళీ కొట్టింది. మా బావమరిది కాలువ కథ చెప్పాడు. అందరం నవ్వాం. వాడు గద్దె వైపు ఒకడుగు వేశాడు కూడా.

ఇస్త్రీ మేస్త్రీ గోడకి ఆనుకునే, గొంతు పెంచకుండా మొదలెట్టాడు.

"మా దగ్గర చెవులు కప్పుకోకుండా బయటికెళ్ళరు. నేను వెళ్ళాను. తిరిగొచ్చి తలుపు తోస్తుంటే చెవి గుమ్మానికి తగిలింది. టక్కుమంది. కింద పడింది. నేను వంగేలోపు కుక్క పట్టుకుపోయింది."

టోపీ తీశాడు. ఎడమవైపు చెవి లేదు. రంధ్రం చుట్టూ ముడతలు పడ్డ తోలు మాత్రం ఉంది.

మా బావమరిది కథకి గుర్తేముంది? ప్యాంటు ఎప్పుడో చిరిగి మసిగుడ్డలైపోయింది. మేస్త్రీ టోపీ పెట్టుకుని, వెళ్ళి గద్దె మీద కూర్చున్నాడు.

మర్నాడు మా బావమరిది వెళ్ళి అడిగాడు. గంటకి పది నిమిషాలు చాలన్నాడు. చెయ్యి చూపించాడు. మరకని బతిమాలినట్టే బతిమాలాడు. మేస్త్రీ ఆ చేతిని తిప్పి చూసి, తొమ్మిదేళ్ళు కూర్చున్నావు కదా, ఈ మడతలక్క అడిగితే ఎప్పుడైనా లేచావా అని అడిగాడు. అక్క రెండుసార్లు అడగడం, వాడు వినబడనట్టు పైపు వైపు తిరగడం మేమంతా చూశాం. పైగా ఇస్త్రీబల్ల వెనక కిటికీ అద్దం పగిలి ఉందట, ముందు ఒళ్ళు కాలుతుంటే వెనక వీపు గడ్డకడుతోందట. అన్యాయమని నాకు అనిపించింది కానీ నా చీటీల దగ్గరికి వెళ్ళిపోయాను. ఆరడుగుల మనిషి మరి.

మూడు వారాలు గడిచాయి. చలి ఇంకా ముదిరింది. బట్టలారే గదిలో ఆవిరి పైపు పగిలింది. తడిబట్టలన్నీ పెరట్లో తీగల మీద వెయ్యాల్సొచ్చింది. ఆ చలిలో బట్ట ముందు చెక్కవుతుంది, ఆ తర్వాత రెండు రోజులకి చెక్కగానే ఆరుతుంది. గడ్డకట్టిన బట్టని మడవబోతే విరుగుతుందని మడతలక్క తీగ దగ్గర నిలబడి ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. చొక్కాలు చేతులు చాపి, ప్యాంట్లు కాళ్ళు ఎడం చేసి, దుప్పట్లు తలుపుల్లా, గాలికి ఒకదానికొకటి కొట్టుకుంటుంటే పెరడంతా కర్రసాము చేస్తున్నట్టు చప్పుడు.

ఆ వేళ మధ్యాహ్నం నేను చీటీల కట్ట తీసుకుని లోపలికెళ్ళాను. మా బావమరిది రోలర్ల దగ్గర ఆసుపత్రి దుప్పటి పిండుతున్నాడు. తెల్లటి దుప్పటి మీద ఎర్రటి చారిక ఒకటి రోలర్లలోంచి బయటికొచ్చింది. వెనకే ఇంకోటి. వాడి మొహం మాడిపోయింది.

"ఎవరు చేశారీ మరక? ఇప్పుడే కదా ఉతికాను," అన్నాడు మడతలక్కని చూసి.

అక్క వాడి చేతికేసి చూసింది. "నువ్వే," అంది.

కుడిచేతి ఉంగరపువేలు చివరి కణుపు లేదు. అది రోలర్ల అవతల తొట్టి అంచు మీద, గోరుతో సహా, వక్కపలుకంత ఉంది. వాడు చెయ్యి పైకెత్తి పక్కింటివాడి చెయ్యి చూసినట్టు చూశాడు. నొప్పి లేదు. అందుకే కేక కూడా లేదు. అప్పుడు వాడు చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. వేలికి గుడ్డ చుట్టుకోలేదు. ముందు దుప్పటి తీసి చన్నీళ్ళ తొట్టిలో ముంచి గుప్పెడు ఉప్పేశాడు. రక్తం మరకకి చన్నీళ్ళే పొయ్యాలి, వేణ్ణీళ్ళు తగిలితే మరక దారాన్ని పట్టేసుకుంటుంది. ఆ తర్వాతే చెయ్యి చంకలో పెట్టుకుని బాయిలర్ గదిలోకి నడిచాడు. వెనకాల నేల మీద చుక్కలు. నేనూ అక్కా చుక్కల వెంట పరిగెత్తాం.

మేస్త్రీ గద్దె మీద టీ తాగుతున్నాడు. వాడి చెయ్యి చూశాడు. ఒక్క క్షణం మొహంలో ఏదో కదిలింది, మనిషి లేస్తాడనే అనుకున్నాను. కానీ కొందరి నోరు వాళ్ళ మాట వినదు.

"ఇప్పుడు నీకూ చూపించుకోడానికి ఒకటి దొరికింది," అన్నాడు. "వచ్చే ఏడు గద్దె నీదే పో."

మా బావమరిది వెనక్కి తిరిగి పెరట్లోకెళ్ళాడు. ఏడవడానికేమో అనుకున్నాం. తీగ మీంచి ఏదో పెరికిన చప్పుడైంది. తిరిగొచ్చాడు. చేతుల్లో డ్రైవరు ఖాకీ ప్యాంటు. నడుం దగ్గర రెండు చేతులా పట్టుకుని, రెండు కాళ్ళూ పైకెత్తి, కట్టెలు కొట్టేవాడిలా పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ దవడ మీద పడింది. తలుపు పగిలినట్టు చప్పుడు. టీ, రక్తం, పళ్ళు ఒకేసారి గోడ మీద పడ్డాయి. రెండో దెబ్బ భుజం మీద. ప్యాంటు ఎడమకాలు మోకాలి దగ్గర విరిగి బొగ్గుకుప్పలో పడింది. మిగిలిన కాలితో మూడోది, నాలుగోది నెత్తి మీద. ఒక్కో దెబ్బకీ మంచు పెచ్చులు ఎగిరి బాయిలర్ మీద పడి చుయ్యిమన్నాయి. వాడు తిట్టలేదు, అరవలేదు. బండ మీద బట్టని బాదినట్టు, లెక్కగా, ఊపిరి బిగబట్టి బాదాడు. ముప్పై ఏళ్ళుగా మరకల్ని బతిమాలిన మనిషిలో ఇంత బాదుడు దాక్కుని ఉందని నాకు తెలియదు.

అయిదోది పడేలోపు మేస్త్రీ లేచాడు. తలతో వాడి మొహమ్మీద ఒక్క గుద్దు గుద్దాడు. కనుబొమ చీలింది. గొంతు పట్టుకుని కోడిని మోసుకెళ్ళినట్టు పెరట్లోకి మోసుకెళ్ళాడు. తీగలు కట్టిన ఇనుప స్తంభానికేసి వాడి చెంప అదిమి పట్టాడు. మీకు తెలుసుగా, ఆ చలిలో ఇనుముకి తోలు తగిలితే ఏమవుతుందో. చెంప అతుక్కుపోయింది. మేస్త్రీ చెయ్యి తీసినా వాడు కదల్లేకపోయాడు. ఎడమచేత్తో వెనక్కి గుద్దాడు. మేస్త్రీ వాడి డొక్కలో తన్నాడు. మడతలక్క గడ్డకట్టిన తువ్వాలు పెరికి మేస్త్రీ వీపు మీద రెండు వేసింది. నేను ఏం చేశానంటే, చీటీల కట్ట తల మీద పెట్టుకుని తలుపు వెనక నిలబడి ధైర్యం చెప్పాను.

బాయిలర్ మామ బకెట్టుతో వచ్చి గోరువెచ్చని నీళ్ళు స్తంభం మీద పోశాడు. చెంప ఊడింది. రూపాయి బిళ్ళంత తోలు స్తంభానికే ఉండిపోయింది. మా బావమరిది అది చూసుకోనైనా చూసుకోకుండా తిరిగి, మేస్త్రీ మీదపడి టోపీ పట్టుకుని లాగాడు. టోపీ ఊడి చేతికొచ్చింది. ఇద్దరూ మంచు మీద పడ్డారు. వాడు కింద, మేస్త్రీ పైన, మేస్త్రీ పిడికిలి గాల్లో.

అప్పుడు బాయిలర్ మామ బకెట్టు కింద పెట్టి, వంగి, మేస్త్రీ చెవి లేని చోట వేలు పెట్టాడు. గదిలో మసక వెలుతురు. పెరట్లో పట్టపగలు.

"ఇది చలి పని కాదు," అన్నాడు. "ఇవి పళ్ళ గాట్లు."

నిజమే. అర్ధచంద్రాకారంలో చుక్కలు చుక్కలుగా మచ్చ. పిడికిలి గాల్లోనే ఆగింది. అప్పుడు మేస్త్రీ మా బావమరిది మీంచి లేచి, రక్తం ఉమ్మి, మంచు మీదే కూర్చున్నాడు. వాచిన నోటితో నెమ్మదిగా చెప్పాడు. చిన్నప్పుడు ఇంట్లో దుప్పటి ఒక్కటే. అన్నదమ్ములిద్దరు. ఆ ఏడు చలికి వాళ్ళ ఆవు నిలబడ్డది నిలబడ్డట్టే చచ్చింది. దుప్పటి ఇద్దరికీ సరిపోక మూడు రోజులు లాక్కున్నారు. మూడో రోజు అన్న కొరికేశాడు.

"మరి దుప్పటి?" అని అడిగింది మడతలక్క.

"నాకే దక్కింది," అన్నాడు మేస్త్రీ. "రక్తమైందని వాడికి అసహ్యమేసి వదిలేశాడు. తెల్లారేసరికి వాడు ప్రాణంతో లేడు."

గాలికి బట్టలు కొట్టుకుంటున్నాయి. బాయిలర్ మామ బకెట్టు చేతికి తీసుకున్నాడు. కట్టుబాటు కట్టుబాటే, ఇంతకంటే ఘోరమైన చలి ఎవరూ చెప్పలేరు కాబట్టి అబద్ధం చెప్పినా గద్దె మేస్త్రీదే అన్నాడు. మా బావమరిది మంచు మీంచి లేవలేదు. వేలు కరుగుతోంది, దాంతోపాటు నొప్పి తెలుస్తోంది. పళ్ళు కొరుక్కుని వణుకుతున్నాడు.

మేస్త్రీ లేచి వాడి చొక్కా కాలరు పట్టుకున్నాడు. మళ్ళీ మొదలైందనుకుని నేను తలుపు వెనక్కి సర్దుకున్నాను. వాణ్ణి అలాగే ఈడ్చుకెళ్ళి గద్దె మీద కుదేసి, ఆ చెయ్యి పట్టుకుని పైపు పక్కన పెట్టాడు. వాడు కెవ్వున అరిచి మేస్త్రీ కడుపులో తన్నాడు. మేస్త్రీ చెయ్యి వదల్లేదు.

"కూర్చో," అన్నాడు. "ఇంకోసారి తెల్లారి చూడటం నావల్ల కాదు."

పది నిమిషాలయ్యాక లేవమని వాడి చెవి మెలిపెట్టి, గద్దె మీద మడతలక్కని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత తను కూర్చున్నాడు. ఆ చలికాలమంతా అదే వరస. ఒక్క నిమిషం ఎక్కువ కూర్చుంటే వెనకవాడు తొట్టిని తన్నేవాడు. ఆ ఇద్దరి మధ్యా మాటలు మాత్రం లేవు. మా బావమరిది చెయ్యి దక్కింది, ఒక్క కణుపు తప్ప. అదే చేత్తో ఇంకో పదహారేళ్ళు దుప్పట్లు పిండాడు. యజమాని అడిగితే ఇద్దరూ మంచు మీద జారిపడ్డారన్నాం. సిస్టర్లు నేర్పిన గుండ్రటి రాతలో నేనే కాగితం రాసిచ్చాను. డ్రైవరుకి ప్యాంటు రెండు ముక్కలుగా ఇచ్చినప్పుడు చీటీ మీద "ఒక ప్యాంటు, పాతది, మోకాలి దగ్గర బలహీనం" అని రాశాను. అంచు మడతలో ఇరుక్కున్న పన్ను సంగతి రాయలేదు. అదెవరిదని అడుగుతూ డ్రైవరే తిరిగొచ్చాడు.

మొన్న ఇదంతా రాసి తీసుకెళ్ళి మా బావమరిదికి చదివి వినిపించాను. కంబళి కప్పుకుని, కళ్ళు మూసుకుని, చివరిదాకా విన్నాడు. తర్వాత కుడిచెయ్యి కంబళి లోపలికి లాక్కున్నాడు.

"నేను ఎవర్నీ కొట్టలేదు," అన్నాడు. "ఈ వేలు తలుపులో పడి నలిగింది. ఇస్త్రీ మేస్త్రీకి రెండు చెవులూ ఉండేవి. అసలు ఆ ఏడు చలే లేదు బావా."